రాత్రిపూట గుర్రుమంటున్న ఫిల్టర్: బాగుచేసుకోవచ్చా, కొత్తది కొనాల్సిందేనా?

అల్వాల్_వాణి
మా హాల్లో రెండడుగుల ట్యాంకు ఉంది. నీళ్లు సుమారు 65 లీటర్లు. మూడు గోల్డ్‌ఫిష్‌లు. లడ్డూ, బూందీ, జాంగ్రీ అని మా అబ్బాయి పేర్లు పెట్టాడు. లోపల మునిగి ఉండే పవర్ ఫిల్టర్ వాడుతున్నాం, కొని ఏడాదిన్నర అయింది. దసరా దాకా అది ఉందన్న సంగతే తెలిసేది కాదు. ఇప్పుడు రాత్రి పదకొండు దాటి ఇల్లు సద్దుమణిగితే చాలు, మిక్సీలో ఏదో ఇరుక్కున్నట్టు గుర్ర్‌మని ఒకటే మోత. మధ్యలో టకటకా కొట్టుకుంటుంది, కాసేపు తగ్గుతుంది, మళ్లీ మొదలు.

మా నాన్నగారికి కంటి ఆపరేషన్ అయి మా దగ్గరే ఉంటున్నారు. బెడ్‌రూమ్‌లు మేడ మీద. ఇప్పుడప్పుడే మెట్లు వద్దని హాల్లోనే పడుకోబెడుతున్నాం. ఆయన మంచానికీ ట్యాంకుకీ మధ్య ఐదడుగులు కూడా లేదు. ఆయన ఒక్క మాట అనరు. రాత్రి నేను నీళ్లకని దిగినప్పుడల్లా మేలుకునే ఉంటున్నారు. అందుకని పది రోజులుగా రాత్రి పదింటికి ఫిల్టర్ ఆపేసి పొద్దున ఆరింటికి వేస్తున్నాను. రెండు రోజుల నుంచి పొద్దున్నే చూస్తే మూడూ పైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. భయంగా ఉంది. షాపతనేమో మోటారు పోయింది, కొత్తది తీసుకోండి అంటున్నాడు. శబ్దం రాని ఫిల్టర్ ఏదైనా ఉందా? రెండు వేల లోపు అయితే బాగుంటుంది.

ఉప్పల్_గప్పీలు
ముందు రాత్రిపూట ఆపడం మానేయండి. ఈ రాత్రి నుంచే. ఏ ఫిల్టర్ కొనాలో రేపు మాట్లాడుకుందాం.

చేపలమ్మ_తార్నాక
లడ్డూ బూందీ జాంగ్రీ! ఇది చదివి మా పాప ఫ్రిజ్ తెరిచింది.

గాజుపెట్టె
గప్పీలు గారు చెప్పింది ఎందుకంటే, ఫిల్టర్ పని చెత్త పట్టుకోవడం ఒక్కటే కాదు. చేపల మొప్పల నుంచి, రెట్ట నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా వస్తుంది. స్పాంజికి పట్టి ఉన్న ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. మూడోది చాలావరకు తట్టుకుంటుంది, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ బ్యాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి. ఎనిమిది గంటలు నీళ్లు కదలకుండా ఉంటే స్పాంజి లోపల ఆక్సిజన్ అయిపోతుంది, అవి దెబ్బతింటాయి. పైగా నీటి పైపొర కదలడం లేదు కాబట్టి చేపలకూ ఊపిరి చాలదు. మీకు కనిపించే గుటకలు దానివే.

ఇప్పుడు చల్లగా ఉంది కాబట్టి నెట్టుకొచ్చాయి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరే. ఇదే పని మే నెలలో చేసి ఉంటే మూడింటిలో ఒక్కటీ మిగిలేది కాదు.

అల్వాల్_వాణి
చదువుతుంటే గుండె దడగా ఉంది. ఇప్పుడే మళ్లీ వేశాను. నాన్నగారికి చెవుల్లో దూది పెట్టాను.

మోటారు_పని
షాపతను మోటారు పోయిందని ఎలా తేల్చాడు, చూడకుండానే? నేను పంపుసెట్లూ మోటార్లూ చుట్టే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. మీ ఫిల్టర్‌లో తీగచుట్టని జిగురు పోసి పూర్తిగా మూసేస్తారు. అది పోతే ఫిల్టర్ అసలు తిరగదు. మోత పెట్టదు. మోత వస్తోందంటే తిరిగే భాగంలోనే తేడా. అక్కడ ఉండేది ఒక చిన్న అయస్కాంతం, దాని తల మీద రెక్కలు, నడిమధ్య ఒక సన్న కడ్డీ. దాన్నే ఇంపెల్లర్ అంటారు. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు కాబట్టి అది నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో ఒక్క ఇసుక రేణువు పడినా గుర్ర్‌మంటుంది.

ప్లగ్ తీయండి. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ పూర్తిగా బయటికి తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టండి. ఫిల్టర్ బయటికి తీసి, కింద స్పాంజి డబ్బా విప్పితే రెక్కలు కనిపిస్తాయి. పట్టుకుని లాగితే ఇంపెల్లర్ వచ్చేస్తుంది. ఆ గుంతలో పాత టూత్‌బ్రష్ పెట్టి తోమండి. కడ్డీ మీద వేలిగోరు నడిపించి చూడండి. గాడి తగిలిందంటే అరిగినట్టే.

ఉప్పల్_గప్పీలు
ఇంకోటి. స్పాంజిని నల్లా కింద పెట్టి కడగొద్దు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంకులోంచే ఒక మగ్గు నీళ్లు బకెట్లోకి తీసి అందులో రెండుసార్లు పిండండి, చాలు. తెల్లగా కొత్తదానిలా అవ్వాల్సిన పని లేదు.

నిజాంపేట_బోరు
మాకు బోరు నీళ్లే గతి. క్లోరిన్ గొడవ లేదు కానీ తెల్లటి సున్నంలాంటి పొర గట్టిగా పట్టేస్తుంది. బకెట్లకీ గీజర్‌కీ పట్టేది ఇంపెల్లర్‌కీ పడుతుంది. నేను మూడు నెలలకోసారి ఇంపెల్లర్ ఒక్కటీ తీసి వెనిగర్‌లో అరగంట నానబెట్టి, తోమి, రెండు మూడు నీళ్లలో కడిగి పెడతాను. మోత సగం తగ్గుతుంది. వెనిగర్ లేకపోతే నిమ్మరసమైనా పనిచేస్తుంది. స్పాంజిని మాత్రం దాని జోలికి తీసుకుపోవద్దు.

శీను_అంబర్‌పేట
ఇంత కష్టం ఎందుకండీ, కడ్డీకి ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె రాస్తే సైలెంట్ అయిపోతుంది. మా ఇంట్లో టేబుల్ ఫ్యాన్‌కి అలాగే చేస్తాం.

మోటారు_పని
వద్దు. దయచేసి ఎవరూ చేయకండి. ఫ్యాన్ గాలిలో తిరుగుతుంది, ఇది నీళ్లలో తిరుగుతుంది. దీనికి నీళ్లే నూనె. కుట్టుమిషన్ నూనె పెట్రోలియం సరుకు.

గాజుపెట్టె
కొబ్బరినూనె అయినా అంతే. విషం కాకపోయినా నీటి మీద పొర కడుతుంది, ఆ పొర కింద గాలి దిగదు. ఇప్పటికే ఊపిరాడక పైకి వస్తున్న చేపలు అవి.

శీను_అంబర్‌పేట
సరే, తెలియక చెప్పాను. వాణి గారూ, నా మాట పట్టించుకోకండి.

అల్వాల్_వాణి
మోటారు పని గారు చెప్పినట్టే విప్పాను. ఇంపెల్లర్ బయటికి లాగి గుంత తోముతుంటే బియ్యపు గింజలో సగం ఉంటుందేమో, ఒక చిన్న నత్త గుల్ల బయటపడింది! మేం నత్తల్ని ఎప్పుడూ వేయలేదు. మొక్కలతో పాటు వచ్చి ఉంటాయి. తీసేసి బిగిస్తే నిజంగా చప్పుడు లేదు. రాత్రి నాన్నగారు తొమ్మిదిన్నరకే నిద్రపోయారు. నేను ట్యాంకు ముందు నిలబడి చాలాసేపు చూశాను. మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు.

చేపలమ్మ_తార్నాక
ఆ నత్తలు ఒక్కటి కనిపిస్తే వంద ఉన్నట్టు. ఫిల్టర్ నోటికి సన్న జాలీ కట్టండి.

అల్వాల్_వాణి
మూడో రోజు రాత్రి మళ్లీ మొదలైంది. ఈసారి గుర్ర్ కాదు, సన్నగా వణికినట్టు, ఆగకుండా. నాన్నగారు ఊళ్లో నలభై ఏళ్లు పంపుసెట్టుతో పొలం తడిపిన మనిషి. కంటికి కట్టు ఉంది కాబట్టి చూడలేరు. కాసేపు చెవి పెట్టి విని, "ఇది చెత్త పడ్డ మోత కాదమ్మా, బుష్షు అరిగిన మోత" అన్నారు. తీసి గోరు పెట్టి చూశాను. కడ్డీకి ఒక పక్కన గాడి స్పష్టంగా తగిలింది.

మోటారు_పని
నాన్నగారికి నా దండాలు. అంతే అది. కడ్డీ అరిగితే ఇంపెల్లర్ ఊగుతూ గోడకి రాసుకుంటుంది. ఇంపెల్లర్ సెట్టు విడిగా దొరికితే వంద, నూటయాభైలో పోయేది. షాపులో అడిగారా?

అల్వాల్_వాణి
మూడు షాపులు తిరిగాను. ఈ మోడల్‌కి విడిభాగాలు రావన్నారు. కొనక తప్పదు.

కొంపల్లి_పెద్దట్యాంకు
అయితే ఒక్కసారే మంచిది కొనండి. క్యానిస్టర్. మోటారు ట్యాంకులో ఉండదు, కింద స్టాండ్ అరలో ఉంటుంది, తలుపు వేస్తే ఏమీ వినపడదు. మాది ఆరేళ్ల నుంచి నడుస్తోంది, చెవి ఆనిస్తే గానీ తెలియదు. గోల్డ్‌ఫిష్ మురికి చేప. దానికి బ్యాక్టీరియా అంటుకునే సిరామిక్ ముక్కలు నిండా పట్టే ఫిల్టరే ఉండాలి.

ఉప్పల్_గప్పీలు
ఆవిడ బడ్జెట్ రెండు వేలు అని మొదట్లోనే చెప్పారు. మంచి క్యానిస్టర్ నాలుగైదు వేలకు తక్కువ రాదు. 65 లీటర్లకి అవసరమా?

కొంపల్లి_పెద్దట్యాంకు
చవకది ఏడాదిన్నరకోసారి కొనే బదులు అంటున్నాను. లెక్క వేసి చూడండి.

గాజుపెట్టె
లెక్క సరే, ఒక చిక్కుంది. కరెంటు గంటల తరబడి పోతే క్యానిస్టర్ మూసి ఉన్న డబ్బా కదా, లోపల నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే ఆ నీళ్లు మొత్తం ట్యాంకులోకి కొడుతుంది. అలా పోయినప్పుడు ఒకసారి విప్పి నీళ్లు పారబోసి వేయాలి. ఇంట్లో పెద్దాయన్ని చూసుకుంటున్న మనిషికి ఆ పని పెట్టడం ఎందుకు?

మల్కాజిగిరి_సుధ
వెనక తగిలించే ఫిల్టర్ వాడుతున్నాను, తొమ్మిది వందలకు వచ్చింది. మోటారు శబ్దం తక్కువే కానీ ట్యాంకులో నీళ్లు రెండు వేళ్లు తగ్గాయంటే జలపాతంలా చప్పుడు. వేసవిలో రెండు మూడు రోజులకోసారి నీళ్లు నింపుతూనే ఉండాలి. మంచం పక్కన మాత్రం పెట్టను.

నిజాంపేట_బోరు
నాది స్పాంజి ఫిల్టర్, ఎయిర్ పంపు. రెండూ కలిపి ఎనిమిది వందలు. నీళ్లలో తిరిగే భాగమే లేదు, అరగడానికి ఏముంది? గాలి బుడగలు పైకి పోతూ నీళ్లని స్పాంజిలోంచి లాగుతాయి. గుటకలు వేసే చేపలకి అంతకంటే ఏం కావాలి.

మల్కాజిగిరి_సుధ
ఎయిర్ పంపు మోత మర్చిపోయారా? తేనెటీగల పట్టు పక్కన పడుకున్నట్టు ఉంటుంది!

నిజాంపేట_బోరు
పంపు హాల్లోనే ఉండాలని ఎవరు చెప్పారు? గాలి గొట్టం మీటరు పది, పదిహేను రూపాయలు. మాది వంటింటి పక్క స్టోర్ రూములో పెట్టి, గోడ వెంబడి నాలుగు మీటర్లు లాగాను. హాల్లో వినపడేది బుడగల చప్పుడే. బుడగలు పెద్దగా వస్తుంటే స్పాంజి గొట్టంలో చిన్న ఎయిర్ స్టోన్ పెట్టండి, సన్నగా వస్తాయి, ఆ చప్పుడూ తగ్గుతుంది.

మోటారు_పని
ఇది బాగుంది. కానీ పంపు నీటి మట్టం కన్నా కింద పెడితే గొట్టంలో నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి. లేకపోతే కరెంటు పోగానే ట్యాంకు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడి నుంచి ప్లగ్గులోకి పోతాయి. ఇరవై ముప్పై రూపాయల వస్తువు. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది ట్యాంకు వైపు చూడాలి. ఎయిర్ పంపు 4, 5 వాట్లే కాబట్టి కరెంటు భయం అక్కర్లేదు. 5 వాట్లది రాత్రింబవళ్లు నడిచినా నెలకు 3.6 యూనిట్లు.

కొంపల్లి_పెద్దట్యాంకు
మూడు గోల్డ్‌ఫిష్‌లకి ఒక్క స్పాంజి చాలదు. ఇది మాత్రం ఖాయంగా చెప్తాను.

నిజాంపేట_బోరు
నిజమే. జంట స్పాంజిలది తీసుకోవాలి. వారానికోసారి ఒక స్పాంజి, వచ్చే వారం రెండోది పిండాలి. రెండూ ఒకే రోజు పిండొద్దు.

చేపలమ్మ_తార్నాక
ఇక్కడ ఒక మాట చెప్పాలి, మీరెవరూ ఇంకా అనలేదు. పాత ఫిల్టర్ తీసి కొత్తది పెట్టేసి అయిపోయింది అనుకోకండి. పోయినేడు మా ఇంట్లో అదే జరిగింది. ఫిల్టర్ పాడైందని కొత్తది తెచ్చాం, పాతది స్పాంజితో సహా చెత్తబండిలో వేశాం. ట్యాంకు కూడా శుభ్రంగా కడిగి కొత్త నీళ్లు పోశాం. అద్దంలా మెరుస్తుంటే మురిసిపోయాను. నాలుగో రోజు ఒకటి, ఐదో రోజు రెండు, వారం తిరిగేసరికి ఐదు చేపలూ పోయాయి. నాలుగేళ్ల చేపలు. నీళ్లు చూస్తే తేటగా ఉన్నాయి. అమ్మోనియా కంటికి కనిపించదని అప్పుడు తెలిసింది. కొత్త స్పాంజికి ఆ బ్యాక్టీరియా పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాప ఆ ఖాళీ ట్యాంకు ముందు కూర్చుని ఉండేది. మీకు అలా జరగకూడదని రాస్తున్నాను.

అల్వాల్_వాణి
అయ్యో. మీరు రాయకపోతే నేనూ సరిగ్గా అదే చేసేదాన్ని. పాతది మోత పెడుతోంది కాబట్టి నెల రోజులు రెండూ కలిపి నడపలేను. మరి ఎలా?

గాజుపెట్టె
మోత పెట్టేది మోటారు. బ్యాక్టీరియా ఉండేది స్పాంజిలో. పాత ఫిల్టర్లోంచి స్పాంజి ఒక్కటీ తీసి, కొత్త స్పాంజిల మధ్య ఇరికించి దారంతో కట్టండి. ఆ నీళ్ల కదలికకి అది బతికే ఉంటుంది, కొత్తవాటికి అంటుకుంటుంది. నెల తర్వాత తీసేయవచ్చు.

ఉప్పల్_గప్పీలు
చాలామంది పాత స్పాంజిని కొత్తదాని మీద పిండి వదిలేస్తారు. అలా పడేది ఎక్కువగా మురికే. కట్టడమే మంచిది. గులకరాళ్లు కూడా ఇప్పుడు కడగకండి, వాటి మీదా కొంత ఉంటుంది. మేత సగానికి తగ్గించండి. డ్రాప్ టెస్ట్ కిట్ ఒకటి కొని రోజు విడిచి రోజు అమ్మోనియా చూడండి.

అల్వాల్_వాణి
జంట స్పాంజి, రెండు గొట్టాల ఎయిర్ పంపు, వాల్వులు, ఐదు మీటర్ల గొట్టం, టెస్ట్ కిట్, అన్నీ కలిపి 1,740 అయింది. పంపుని మెట్ల కింద అలమరలో పెట్టాను. మొదటి రాత్రి అలమర చెక్కంతా వీణలా మోగింది! పాత బొంత మడతపెట్టి దాని కింద వేశాక ఆగింది. పాత స్పాంజిని నల్ల దారంతో కట్టాను. జాంగ్రీ రోజంతా ఆ దారం కొసను పీకుతూనే ఉంది.

మల్కాజిగిరి_సుధ
బొంత వేయడం బాగుంది, కానీ పంపు చుట్టూ కప్పకండి, వేడెక్కుతుంది. కింద మాత్రమే.

అల్వాల్_వాణి
నాలుగో రోజు అమ్మోనియా 0.5 చూపించింది. టెన్షన్‌తో చేతులు వణికాయి.

గాజుపెట్టె
ఈరోజే 30 శాతం నీళ్లు మార్చండి. నల్లా నీళ్లకి యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, ట్యాంకు నీళ్లంత చల్లగానో వెచ్చగానో ఉన్నాయని చేత్తో చూసి పోయండి. రేపు మేత వేయకండి. ఒక్కరోజు పస్తు గోల్డ్‌ఫిష్‌కి ఏమీ కాదు.

చేపలమ్మ_తార్నాక
రాత్రి ఎంత చూపించిందో చెప్పండి, నేను మేలుకునే ఉంటాను.

అల్వాల్_వాణి
0.25 కి దిగింది. మూడూ కిందే తిరుగుతున్నాయి, పైకి రావడం లేదు. మీరు పడుకోండి.

అల్వాల్_వాణి
పదహారో రోజు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. వరుసగా మూడుసార్లు చూశాను. నిన్న నాన్నగారి కంటి కట్టు తీశారు. ఇంటికి రాగానే కుర్చీ ట్యాంకు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఇన్నాళ్లూ ఆ బుడగల చప్పుడు వింటుంటే మడికి నీళ్లు పారుతున్నట్టే ఉండేదట. మేడ మీద గది సర్దుతానంటే ఇంకో వారం ఇక్కడే పడుకుంటానన్నారు.

కొంపల్లి_పెద్దట్యాంకు
చాలా సంతోషం. నాది ఒక్కటే మనవి. గోల్డ్‌ఫిష్ పదేళ్లకు పైగా బతుకుతుంది, మూడింటికి రెండడుగులు ముందు ముందు చాలదు. వీలైనప్పుడు పెద్ద ట్యాంకు ఆలోచించండి. క్యానిస్టర్ సంగతి అప్పుడు మళ్లీ ఎత్తుతాను.

నిజాంపేట_బోరు
అప్పుడూ నేను ఇక్కడే ఉంటాను.

బోయిన్‌పల్లి_కొత్త
ఇదంతా ఇప్పుడే చదివాను. మా ట్యాంకులోనూ అచ్చంగా ఇదే టకటక మోత. ప్లగ్ తీసి డబ్బా విప్పాను. ఇంపెల్లర్ బయటికి రావడం లేదు. ఎటు తిప్పాలి?

మోటారు_పని
తిప్పకండి, రెక్కలు విరుగుతాయి. రెండు వేళ్లతో రెక్కల మొదట్లో పట్టుకుని నేరుగా లాగండి. అయస్కాంతం పట్టు ఉంటుంది కాబట్టి మొదట బిగువుగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వస్తుంది. కడ్డీ చిన్నది, సింకులో జారిపోగలదు. కింద పళ్లెం పెట్టుకోండి.